వంద కోట్ల ఏడుతో నాలుగు నెలలు

ఆ అంకెను మా ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి. ఆమెకు గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం పొద్దున వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోతుంది. జనవరిలో ఒక శనివారం, వేరే కంపెనీ ఇంటర్వ్యూ కోసమని, మా ఆర్.కె. పురం క్వార్టర్లో డైనింగ్ టేబుల్ మొత్తం ఆక్రమించి లెక్కలు చేసుకుంటోంది. టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ నేను ఆమె కాగితాల మీదికి తొంగి చూశాను. ప్రతి లెక్క చివరా ఒకటే షరతు ఉంది. వచ్చిన జవాబును 1,000,000,007తో భాగించి, మిగిలిన శేషం మాత్రం చెప్పాలట.

"ఇదేం అంకె? కొట్టు మూసేసే ముందు మిగిలిన సరుకులాగా ఆ ఏడేమిటి చివర?" అన్నాను.

"ప్రైమ్ నంబర్ నాన్నా. సబ్ యహీ యూజ్ కర్తే హైఁ." అందరూ ఇదే వాడతారట.

మా అమ్మాయికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఢిల్లీలో పుట్టిన పిల్ల, ఏమీ అనలేం.

"ప్రైమ్ అని ఎవరు చూశారు?"

"అందరికీ తెలుసు." ఇది మాత్రం తెలుగులో అంది, నన్ను వదిలించుకోవడానికి.

ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వంలో గణాంకాలు చూసిన మనిషి దగ్గర అనకూడని మాట అది. పంటల విస్తీర్ణాలు, ఇళ్ల సంఖ్యలు, పశువుల సంఖ్యలు, ఏ రాష్ట్రం నుంచి ఏ పట్టిక వచ్చినా కూడి, సరిచూసి పైకి పంపడం మా పని. 'అందరికీ తెలుసు' అనే కాలమ్ మా ఏ ఫారంలోనూ లేదు. ఆ మాటే అన్నాను. ఆమె కళ్ళు తిప్పి, పెన్ను పక్కన పెట్టి, ఓపిగ్గా చెప్పింది.

జవాబులు మరీ పెద్దవైపోతే కంప్యూటరు పట్టుకోలేదట. శేషాలతోనే పని నడిపితే ఏ శేషమూ వంద కోట్ల ఆరు దాటదు, రెండు శేషాలను గుణించినా దాని గదిలో ఇముడుతుంది. అంతవరకూ ఏ పెద్ద అంకె అయినా సరిపోతుంది. కానీ ప్రధాన సంఖ్య అయితే ఇంకో సుఖం ఉంది. సున్నా తప్ప ప్రతి శేషానికీ ఒక జోడీ ఉంటుంది, ఆ రెంటినీ గుణిస్తే శేషం ఒకటి వస్తుంది. రెండుకు జోడీ యాభై కోట్ల నాలుగు. గుణిస్తే వంద కోట్ల ఎనిమిది, అందులోంచి మన అంకె పోతే ఒకటి. జోడీ ఉంది కాబట్టి శేషాల లోకంలో భాగహారం కూడా చేసుకోవచ్చు. ప్రధానం కాని అంకెలతో ఇది కుదరదు. ఇవి చెప్పేసి, పది అంకెలున్న ప్రధాన సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నదని కూడా చేర్చింది.

బాగుంది. నాకు నచ్చింది. నేను ఒక చిత్తు కాగితం తీసుకుని దాన్ని మన పద్ధతిలో కామాలు పెట్టి రాసుకున్నాను: 1,00,00,00,007. వంద కోట్ల ఏడు. మూడేసి సున్నాల కామాలు నా కంటికి ఆనవు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు, దీపావళి పొగ ఇంకా పోని రోజుల్లో, నాకు చిన్న స్ట్రోక్ వచ్చింది. చిన్నదని డాక్టర్లే అన్నారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. చెయ్యి బాగానే ఉంది, నోరు బాగానే ఉంది. నా నోటికేమీ కాలేదని మా ఆవిడ అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. మూడోరోజు ఒక కుర్ర డాక్టరు వచ్చి, వందలోంచి ఏడు తీస్తూ వెళ్ళమన్నాడు. తొంభై మూడు అన్నాను. ఎనభై ఆరు అన్నాను. డెబ్భై ఎనిమిది అన్నాను. అది తప్పని నోట్లోంచి రాగానే తెలిసింది. సరైనది ఏమిటో మాత్రం తోచలేదు. "బస్ అంకుల్, ఠీక్ హై" అని అతను ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అవమానంతో నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఆస్పత్రి పప్పు బాగాలేదేమో అనుకుంది.

రిటైరయ్యాక మూడేళ్లుగా నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక చిన్న కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్నాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, నలభై మంది పిల్లలు. సివిల్స్ రాయడానికి మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. లెక్కలంటే భయపడే పిల్లలకు భయం పోగొట్టడం నాకు చేతనవును. ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసిన పనికన్నా ఈ మూడేళ్ల పని నాకు ఇష్టం. స్ట్రోక్ తర్వాత సెంటరు నడిపే ఆయన, "రెస్టు తీస్కోండి సార్, జూన్‌ల కొత్త బ్యాచ్ సురువైతది, అప్పుడు జూద్దాం" అన్నాడు. ఆయనది వరంగల్ వైపు. మర్యాదగానే అన్నాడు. నేను మాత్రం ఆ డెబ్భై ఎనిమిదిని మోసుకు తిరుగుతున్నాను. నలభై మంది ముందు బోర్డు దగ్గర అలాగే నోరు తెరుచుకుని నిలబడిపోతే?

అందుకని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ వంద కోట్ల ఏడు నిజంగా ప్రధాన సంఖ్యేనా అని చేత్తో చూస్తాను. అది ప్రధాన సంఖ్యేనని లోకమంతా ఎరుగును, అందులో అనుమానం లేదు. దేనితో భాగించినా శేషం మిగలాలి. ఎక్కడైనా సున్నా వచ్చిందంటే తప్పు అంకెది కాదు, నా బుర్రది. చివరిదాకా సున్నా రాకుండా చేస్తే మళ్ళీ పాఠాలకు వెళ్తాను. సున్నా వస్తే వెళ్ళను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లు నేను కాలక్షేపానికి చేస్తున్నానని అనుకున్నారు. డాక్టరు కూడా మెదడుకు పని చెప్పమన్నాడు కదా అని సంతోషించారు.

పని ఎంతో కూడా లెక్క వేశాను. ఒక అంకె రెండు అంకెల గుణకారంగా విడిపోతే వాటిలో చిన్నది ఆ అంకె వర్గమూలాన్ని దాటదు. మన అంకె వర్గమూలం ముప్పై ఒక్క వేల ఆరువందల ఇరవై రెండు చిల్లర. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి మూడువేల నాలుగువందల ఒకటి. ఆ పట్టిక మాత్రం మా అమ్మాయి చేత ప్రింటు తీయించుకున్నాను. రోజుకు ఒక కాగితం, కాగితానికి పన్నెండు భాగహారాలు. జూన్ నాటికి సగం కూడా కాదని తెలుసు. అప్పటిదాకా అయినా సున్నా రాకుండా ఉంటే చేసినంత మీద నమ్మకంతో వెళ్దామని మనసులో కొంచెం సడలింపు ఇచ్చుకున్నాను. మనమే పరీక్ష పెట్టుకున్నప్పుడు ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది.

ఆఫీసు అలవాట్లు పోలేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మర్నాటి కాగితం సిద్ధం చేసి పెట్టేవాణ్ణి. పైన పూర్తి అంకె, ఎడమవైపు ఆ రోజు వంతు పన్నెండు భాజకాలు, గీతలు. పై అంకె లేని కాగితం మా సెక్షన్లో చెల్లేది కాదు. సిద్ధం చేసిన కాగితం డైనింగ్ టేబుల్ మీద పెన్ను కింద ఉండేది. పొద్దున నడక నుంచి వచ్చి కూర్చుని, పై అంకె చూసి దించుకుంటూ భాగించడమే. ప్రతి భాగహారాన్నీ తొమ్మిదులతో సరిచూసేవాణ్ణి. అంకెలన్నీ కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలినది రెండువైపులా సమానమా కాదా అని చూడడం. వంద కోట్ల ఏడులో ఒకటీ ఏడూ ఎనిమిది. భాజకాన్నీ భాగఫలాన్నీ అలాగే చేసి గుణించి శేషం కలిపితే ఎనిమిది రావాలి. మా రోజుల్లో కాలిక్యులేటర్లు వచ్చాక కూడా పెద్దవాళ్లం దీన్ని వదల్లేదు.

ఇంకో అలవాటు ఉండేది ఆఫీసులో, దాన్ని మాత్రం ఇక్కడ పాటించలేదు. ఏ అంకె అయినా ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కితే, ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. ఇద్దరు లేకుండా ఏ పట్టికా బయటికి పోదు. నేను రాసేవాణ్ణి, నా జోడీ చదివేది. నా కన్నా నాలుగేళ్లు వెనక ఉద్యోగంలో చేరిన కాకినాడ అమ్మాయి. ఇద్దరమూ తెలుగువాళ్లం కాబట్టి అంకెలు తెలుగులో చదువుకునేవాళ్లం. సెక్షన్ ఆఫీసరు విసుక్కునేవాడు. ఏడాది తిరక్కుండా ఆమెను పెళ్లి చేసుకున్నాను. ఆఫీసులో చాలామంది ఇది నేను చేసిన ఏకైక తొందరపాటు పని అని అనేవారు. మా ఆవిడ ఇంకా సర్వీసులోనే ఉంది. క్వార్టరు ఇప్పుడు ఆవిడ పేరు మీదే ఉంది. ఆ సంగతి కూరలో ఉప్పు ఎక్కువైందని అన్నప్పుడల్లా గుర్తు చేస్తుంది.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గడిచాయి. చెప్పొద్దూ, ఆ అంకె మీద నాకు ఇష్టం పెరిగింది. వచ్చినప్పుడల్లా మా అమ్మాయి దాని గురించి ఇంకొక ముక్క చెప్పేది. దానికి రెండు కలిపితే వచ్చే వంద కోట్ల తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే, రెండూ కవలలు. దానిలోంచి ఒకటి తీసి సగం చేస్తే వచ్చే యాభై కోట్ల మూడు కూడా ప్రధాన సంఖ్యే, అలాంటివి అరుదు. నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది కాబట్టి దాన్ని రెండు వర్గాల మొత్తంగా ఎవరూ రాయలేరు. ఎన్ని సున్నాలున్నా ఎక్కడా వంగని మనిషి. నేను రోజూ పన్నెండుసార్లు పొడుస్తున్నా ప్రతిసారీ ఏదో ఒక శేషం నా మొహాన కొడుతోంది. ఆ శేషం చూసినప్పుడల్లా నా బుర్ర బాగుందని ఒక ముద్ర పడినట్టుండేది. కాగితాలు వంద దాటాయి. భాజకాలు అయిదంకెల్లోకి వచ్చాయి. నేను అప్పుడప్పుడూ బాత్రూంలో పాఠం చెప్పడం కూడా మొదలుపెట్టాను.

ఏప్రిల్ చివర్లో మా ఆవిడకు హైదరాబాద్‌లో పది రోజుల ట్రైనింగ్ పడింది. రిటైర్మెంటుకు ఏడాది ముందు ట్రైనింగ్ ఎందుకో ఆ ప్రభుత్వానికే తెలియాలి. వంటకు వచ్చే దీదీకి నూటొక్క జాగ్రత్తలు చెప్పి, నా మాత్రల డబ్బీ మీద రోజుల పేర్లు రాసి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళిన ఏడో రోజు పొద్దున, కాగితంలో తొమ్మిదో భాజకం 10,627. భాగించుకుంటూ వెళ్ళాను. శేషం సున్నా.

మళ్ళీ చూశాను. సున్నాయే. తొమ్మిదులు తీశాను. భాజకంలో ఏడు, భాగఫలంలో ఐదు, గుణిస్తే ముప్పై అయిదు, మూడూ ఐదూ ఎనిమిది. పై అంకె ఎనిమిది. సరిగ్గా సరిపోయింది. తిప్పి గుణించాను. వచ్చినది పై అంకెతో పోల్చుకున్నాను. అదీ సరిపోయింది. మిగిలిన మూడు భాజకాలు ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున తాజాగా కూర్చుని అదే భాగహారం ఇంకో కాగితం మీద, పై అంకె చూసి, మొదటి నుంచీ చేశాను. సున్నా. తప్పు చేయడం ఒక సంగతి. ఆ తప్పు ఎక్కడుందో మూడుసార్లు వెతికినా కనబడకపోవడం ఇంకో సంగతి. ఆ డెబ్భై ఎనిమిది దగ్గర కూడా ఇలాగే అయింది. నాకు భయం వేసింది. ఆ రెండు రోజులూ దీదీ ఏం వండిందో, నేనేం తిన్నానో చెప్పలేను. ఫోన్లో మా ఆవిడ "గొంతు అలా ఉందేంటి?" అంటే ఏసీ గదిలో కూర్చున్నానని అన్నాను. మా ఇంట్లో ఏసీ లేదు.

శనివారం మా అమ్మాయి వచ్చింది. ఆ కాగితం ఆమె ముందు పెట్టి, ఏమీ పట్టనట్టు, "ఇది ఒకసారి చూడు" అన్నాను. ఆమె ఫోన్లో 10,627ను 941తో గుణించింది. ఫోను చూసింది, కాగితం చూసింది, నవ్వింది.

"నాన్నా, యే తో ఏక్ కరోడ్ సాత్ హై!"

నాకు అర్థం కాలేదు. ఆమె పై అంకె మీద వేలు పెట్టి చూపించింది. అక్కడ ఉన్నది 1,00,00,007. కోటీ ఏడు. రెండు సున్నాలూ ఒక కామా లేవు. అది నా చేతిరాతే, ఆ సున్నా వచ్చిన రోజుకు ముందురోజు మధ్యాహ్నం నేను రాసిందే.

"డివిజన్ ఏక్‌దమ్ సహీ హై," అంది. భాగహారంలో ఒక్క తప్పూ లేదు, కోటీ ఏడుకు నిజంగానే రెండు భాజకాలున్నాయి, 941, 10,627, మీరు వాటిని పట్టుకున్నారు అంది. ఫోన్లో నొక్కి అసలు అంకెకు రావలసిన శేషం 9,934 అని కూడా చెప్పేసి, స్నానానికి వెళ్ళిపోయింది. ఆమెకు అక్కడితో అయిపోయింది.

తొమ్మిదుల లెక్కకు సున్నాలు కనబడవు. ఎన్ని పోయినా కూడిక ఎనిమిదే. ఈ సంగతి నేను కొత్తగా చేరినవాళ్లకు నోరు నొప్పెట్టేలా చెప్పినవాణ్ణి. పైగా భాగఫలం అయిదంకెలు రావాల్సిన చోట పొద్దుటి నుంచి మూడంకెలు వస్తోంది. అయిదో క్లాసు పిల్లవాడు పసిగడతాడు. నేను శేషం మీద కళ్ళు పెట్టి కూర్చున్నాను. ఆ కాగితంలో మొదటి ఎనిమిది శేషాలూ తప్పే. కానీ సున్నా కాదు కాబట్టి మారుమాట లేకుండా ముందుకు పోయాను. కోటీ ఏడును భాగించేవి మొత్తం పట్టికలో రెండే రెండు. అందులో ఒకటి ఆ కాగితంలోనే పడింది. ఇంకే కాగితంలో ఆ సున్నాలు పోయినా నాకు జన్మలో తెలిసేది కాదు.

మా అమ్మాయి నవ్వు నాకు ఊరట ఇవ్వలేదు. నేను ముప్పై నాలుగేళ్లలో అంకె ఎక్కించడంలో తప్పు చేసినవాణ్ణి కాదు. నా పట్టికలు వెనక్కి రావని సెక్షన్లో పేరు. ఇప్పుడు నా అంతట నేను రాసిన పది అంకెల్లో రెండు మింగేసి, మూడు రోజులు వాటినే చూస్తూ కనుక్కోలేకపోయాను. స్ట్రోక్ ఎక్కడ తగిలిందో తెలిసిపోయింది అనుకున్నాను. జూన్ బ్యాచ్‌కు వస్తానో రానో సెంటరు ఆయనకు సోమవారంలోగా చెప్పాలి. రాలేనని రెండు వాక్యాల మెసేజ్ రాసి, పంపకుండా ఉంచాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వెళ్ళిపోయాక, వదిలేసేముందు నష్టమెంతో తెలుసుకుందామని పాత కాగితాలన్నీ ముందేసుకున్నాను. ఇంకా ఎన్ని చోట్ల మింగానో లెక్క తేలాలి కదా.

నూటికి పైగా కాగితాలు ఒక్కొక్కటీ పై అంకె మాత్రం చూశాను. ఒక్కదాంట్లో కూడా సున్నాలు తక్కువ లేవు. కానీ ఫిబ్రవరి కాగితం ఒకదాంట్లో, మధ్యన రెండు సున్నాలు ఇరుక్కుని కూర్చున్నట్టు కనబడ్డాయి. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నేను సున్నా చుట్టేటప్పుడు పైన చిన్న తోక వదులుతాను. ఆ రెండిటికీ తోకలు లేవు. గుండ్రంగా, సున్నుండల్లా, పూర్తిగా మూసుకుని ఉన్నాయి. సిరా నాదే, ఆ పెన్నే. మళ్ళీ మొదటి నుంచి చూశాను. అలాంటివి తొమ్మిది కాగితాలు దొరికాయి.

ఆ సున్నాలు నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నా పక్క కుర్చీలో పుట్టిన సున్నాలు.

మా ఆవిడ సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి వచ్చింది. చెప్పులు విప్పిందో లేదో ఆ తొమ్మిది కాగితాలూ ముందు పెట్టాను.

"ఇవి నువ్వు పెట్టావా?"

"ఏంటండీ, ఇంకా కూర్చోనైనా లేదు." కాగితాలు చూసింది. ఏమీ దాచలేదు. "ఆ, పెట్టాను. పొద్దున టీ పెట్టుకునేప్పుడు టేబుల్ మీద కనబడుతుంది కదా. తప్పు అంకె అలా పడి ఉంటే నేను చూస్తూ ఊరుకోలేను."

"నాకు చెప్పాలని తోచలేదా?"

"ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది? మీరు సున్నాలు తినడం ఈనాటిదా?"

"అంటే?"

"అంటే ఏంటండీ. పెద్ద అంకె వస్తే మీ చెయ్యి మీ కన్నా ముందు పరిగెడుతుంది. జోడు సున్నాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటే ఒక జత ఎగిరిపోతుంది. నేను చదివేప్పుడే పెట్టేసేదాన్ని. మన పెళ్లికి ముందు నుంచీ ఇంతే."

"నా పట్టికలు ఎప్పుడూ వెనక్కి రాలేదు."

"ఎందుకు వస్తాయి?" అంది మా ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్లు నా వెనక నా పని దిద్దడమా, నేను సెక్షన్లో కాలర్ ఎగరేసుకుని తిరుగుతుంటే పక్కన కూర్చుని చూడడమా అని గట్టిగానే అన్నాను. ఎందుకు చెప్పలేదో చెప్పమన్నాను.

"చెప్తే మీరు ప్రతి అంకె దగ్గరా ఆగి ఆగి రాసేవారు. అప్పుడు పట్టిక ఎప్పటికి అయ్యేది? చదివేవాళ్లు ఉన్నది అందుకే కదా. నేను రాసినవి మీరు చదివినప్పుడు మీరు దిద్దలేదా?"

దిద్దాను. ఆవిడ ఆరూ తొమ్మిదీ తారుమారు చేసేది. నేనూ ఏనాడూ చెప్పలేదు. అది ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

అప్పుడు కూర్చున్నాను. కోపం ఇంకా ఉంది, కానీ దాని కిందనుంచి ఇంకేదో పైకి వస్తోంది, ఆపలేకపోయాను. స్ట్రోక్‌కు ముందు కూడా ఇంతే. పెళ్లికి ముందు కూడా ఇంతే. తాను ముప్పై ఏళ్లుగా తప్పులు చేస్తున్నానని తెలిసి నా అంత సంతోషించిన మనిషి ఢిల్లీలో ఇంకొకడు ఉండడు. ఆ సంతోషంలో నోరు జారింది. ఆస్పత్రిలో డెబ్భై ఎనిమిది సంగతి, పరీక్ష సంగతి, సున్నా సంగతి, పంపని మెసేజ్ సంగతి, మొత్తం చెప్పేశాను.

మా ఆవిడ సూట్‌కేసు హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడి వింది. నేను నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"నేను పది రోజులు ఊరెళ్ళాను," అంది. "ఆ పది రోజుల్లో మీ బుర్ర పోయిందని మీకు మీరే తీర్పు రాసేసుకున్నారు. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదు. నాలుగు నెలలు ఇంత భయం పెట్టుకుని నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు. నేను అనుకున్నానండీ, సరదాకి చేస్తున్నారని. అందుకే దిద్దుతూ ఊరుకున్నాను. ఇంత పందెం కట్టారని తెలిస్తే..." ముఖం తిప్పుకుని, సూట్‌కేసు లోపలికి లాక్కుంటూ వెళ్ళిపోయింది. బాత్రూంలో కుళాయి చాలాసేపు పారింది.

నేను ఆ మెసేజ్ తుడిచేసి, సెంటరు ఆయనకు ఫోన్ చేశాను. ఆదివారం కదా, ఆయన కరోల్ బాగ్ మార్కెట్లో ఉన్నాడు, వెనక ఒకటే గోల. జూన్ ఒకటి నుంచి నా పేరు టైంటేబుల్లో వేసుకోమన్నాను.

"సంతోషం సార్! తబియత్ ఎట్లున్నది ఇప్పుడు? మొత్తం మంచిగైందా?"

కుళాయి ఆగింది. మా ఆవిడ ముఖం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఏం చెబుతానో వినడానికి నిలబడింది.

"ఎప్పటిలాగే ఉందండీ," అన్నాను. "ఎప్పటిలాగే తప్పులు చేస్తున్నాను. మొదటి వరసలో ఒకరిని కూర్చోబెట్టండి, నేను బోర్డు మీద రాసింది పైకి చదవడానికి."